ప్రాణవాయువు - వెన్నుపాము

బహ్రెయిన్ చుట్టూ సముద్రమే. ఆ దీవిలో నివసించే మీకు త్రుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు. మేడమీద వదిలేసిన ఇనుప కుర్చీ, గోడకు కొట్టిన మేకు, వాడకుండా ఉంచిన సైకిలు గొలుసు - ఏదైనా సరే, ఒక వేసవి గడిచేసరికి ఎర్రబారుతుంది. గాలిలోని ప్రాణవాయువు తేమతో కలిసి ఇనుమును మెల్లమెల్లగా తినివేస్తుంది. ఉప్పుగాలి ఆ పనిని మరింత త్వరపెడుతుంది. కోసిన ఆపిలు ముక్క రంగు మారడం, పాతబడిన నూనె వాసన మారి చేదెక్కడం కూడా ఈ కోవలోనివే. ఇటువంటి మార్పును ఆక్సీకరణం అంటారు.

ఆక్సీకరణం మన శరీరంలో కూడా అనుక్షణం జరుగుతూనే ఉంటుంది. ప్రాణవాయువు లేనిదే మనం కొన్ని నిమిషాలైనా బ్రతకలేము. అయినా, అదే వాయువు అదుపు తప్పితే మనకు హాని చేస్తుంది. పొయ్యిలో ఉన్న నిప్పు అన్నం వండి పెడుతుంది. పొయ్యి దాటిన నిప్పు ఇల్లు కాలుస్తుంది. వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు శరీరంలో ఈ నిప్పు ఎట్లా పొయ్యి దాటుతుందో, దానిని ఆర్పడానికి మనం ఏమి చేయగలమో, ఏమి చేయలేమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ విషయం మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్, కడప, కోనసీమ ప్రాంతాల నుండి ఎంతోమంది మనవాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి వచ్చారు. వారిలో చాలామంది ఎత్తయిన భవనాలు కట్టేచోట, పరంజాలమీద నిలబడి పని చేస్తారు. కొందరు బండ్లు నడుపుతారు. ఎత్తునుండి పడడం, రోడ్డు ప్రమాదాలు - ఈ రెండే వెన్నుపాము దెబ్బతినడానికి ముఖ్యమైన కారణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, వెన్నుపాము దెబ్బతిని జీవిస్తున్నవారు ప్రపంచంలో కోటీ యాభై లక్షల మందికి పైగా ఉన్నారు. అటువంటివారు మన ఇంట్లోనో, పొరుగింట్లోనో ఉండవచ్చు. వారికి మేలు చేయాలంటే ప్రేమ ఒక్కటే చాలదు, తెలివిడి కూడా కావాలి.

ముందుగా వెన్నుపాము అంటే ఏమిటో చూద్దాం. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక ఎముకల వరుస. ఆ ఎముకల నడుమనున్న గొట్టంలో, మెదడునుండి క్రిందికి దిగే మెత్తని నాడుల త్రాడే వెన్నుపాము. పెద్దవారిలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. లావు మన చేతివ్రేలంత. దానినుండి 31 జతల నాడులు బయలుదేరి శరీరమంతా వ్యాపిస్తాయి. "కాలు కదుపు" అని మెదడు పంపే ఆజ్ఞ ఈ త్రాడు గుండానే క్రిందికి పోతుంది. "కాలికి ముల్లు గుచ్చుకుంది" అనే కబురు ఈ త్రాడు గుండానే పైకి వస్తుంది. మెడ దగ్గర త్రాడు దెబ్బతింటే చేతులు, కాళ్ళు రెండూ చచ్చుబడవచ్చు. నడుముకు పైన, వీపు దగ్గర దెబ్బతింటే కాళ్ళు చచ్చుబడతాయి, చేతులు పనిచేస్తాయి. మూత్రాశయం, ప్రేవులు, చెమట పట్టడం - ఇవి కూడా ఆ త్రాడు అదుపులోనే ఉంటాయి. అందువల్ల వాటి పని కూడా చెడుతుంది.

ఇక ప్రాణవాయువు సంగతికి వద్దాం. మన శరీరం కోట్లాది కణాలతో నిర్మితమైంది. చాలా రకాల కణాలలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న కొలుములు ఉంటాయి. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని, క్రొవ్వును ప్రాణవాయువు సాయంతో కాల్చి, ఆ శక్తిని ఏ.టి.పి. అనే పదార్థంలో దాచిపెట్టడం వాటి పని. కండరం కదలాలన్నా, నాడి కబురు మోయాలన్నా ఏ.టి.పి.యే పెట్టుబడి. ఈ పదార్థాన్ని 1929లో వెల్లడించిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువాడు ఉన్నాడని మీరు గర్వంగా చెప్పుకోవచ్చు. ఆయనే 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఈ పని చేశాడు.

కొలిమి ఎంత మంచిదైనా నిప్పురవ్వలు లేవక మానవు. మైటోకాండ్రియాలో ప్రాణవాయువు చాలావరకు నీరుగా మారిపోతుంది. కొద్దిభాగం మాత్రం అసంపూర్తిగా మిగిలిపోయి, జతలేని ఎలక్ట్రానుతో తిరుగుతుంది. దీనివంటి వాటినే స్వేచ్ఛా రాడికల్స్ అంటారు. జత కోసం అవి ప్రక్కనున్న అణువులనుండి ఎలక్ట్రాను లాక్కుంటాయి. పోగొట్టుకున్న అణువు తాను మరొకదానిమీద పడుతుంది. ఇట్లా ఇది గొలుసులా సాగుతుంది. తాటాకు ఇళ్ళ వరుసలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే ఏమవుతుందో మీరు ఊహించగలరు కదా!

మరి మనమంతా ఎందుకు కాలిపోవడం లేదు? శరీరం ముందుజాగ్రత్త చేసుకుంది కనుక. 1969లో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు, మన కణాలలో ఈ రవ్వలను పట్టి చల్లార్చే ఒక ఎంజైము ఉన్నదని కనుగొన్నారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. అది రవ్వను హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది. కేటలేజ్ వంటి మరికొన్ని ఎంజైములు ఆ పెరాక్సైడును మామూలు నీరుగా, ప్రాణవాయువుగా విడగొడతాయి. గ్లుటాథయోన్ అనే పదార్థం కూడా ఈ కాపలాలో ఉంది. ఇవన్నీ శరీరం తనంతట తానే తయారు చేసుకుంటుంది. వీటికి తోడుగా ఆహారంనుండి విటమిన్ సి, విటమిన్ ఇ వంటివి వస్తాయి. వీటన్నిటినీ కలిపి యాంటీఆక్సిడెంట్లు అంటారు. ఆక్సీకరణాన్ని అడ్డుకునేవి అని దీని అర్థం.

ఇవి ఎట్లా అడ్డుకుంటాయి? బహ్రెయిన్‌లోని హిద్ద్ దగ్గర 1977లో పని ప్రారంభించిన పెద్ద ఓడల మరమ్మతు కేంద్రం ఉంది. దానిని అస్రీ అంటారు. అటువంటి చోట రేవులో ఎక్కించిన ఓడ అడుగుభాగం చూస్తే, ఉక్కు రేకులకు అక్కడక్కడ జింకు దిమ్మలు బిగించి కనిపిస్తాయి. సముద్రపు నీరు ముందుగా ఆ జింకునే తింటుంది. జింకు అరిగిపోతుంది, ఓడ నిలుస్తుంది. అరిగిన దిమ్మలను తీసి క్రొత్తవి బిగిస్తారు. విటమిన్ ఇ చేసే పని ఇటువంటిదే. కణం పైపొరలోని క్రొవ్వు కాలకుండా, తన ఎలక్ట్రానును తానే ఇచ్చివేసి గొలుసును తెంపుతుంది. అట్లా ఖర్చయిన విటమిన్ ఇని విటమిన్ సి మళ్ళీ పనికి వచ్చేటట్లు చేస్తుంది.

రవ్వలు, వాటిని ఆర్పేవి సరితూగినంతకాలం ఆరోగ్యానికి లోటు లేదు. రవ్వలు మితిమీరితే త్రాసు ఒకవైపు ఒరుగుతుంది. 1985లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ ఈ స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అని నిర్వచనం చెప్పాడు.

ఇప్పుడు పరంజామీదనుండి పడిన మనిషిని తలచుకోండి. ఎముక విరిగి, వెన్నుపామును నలిపింది. ఇది మొదటి దెబ్బ. ఇది క్షణంలో జరిగిపోతుంది. కాని కథ అక్కడితో ఆగదు. 1911లో అమెరికాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ రెజినాల్డ్ ఆలెన్ అనే వైద్యుడు, నలిగినచోట రక్తం, ద్రవం చేరి, వాటివల్ల తరువాత మరికొంత నాశనం జరుగుతుందని ప్రయోగాలలో గమనించాడు. దీనినే నేడు రెండవ దెబ్బ అంటున్నారు. ఇది నిమిషాలలో మొదలై, రోజులు, వారాలు సాగుతుంది.

రెండవ దెబ్బ ఇట్లా నడుస్తుంది. నలిగినచోట రక్తనాళాలు తెగుతాయి, చుట్టుప్రక్కల కణాలకు రక్తం అందదు. దెబ్బతిన్న నాడీకణాలనుండి గ్లుటమేట్ అనే రసాయనం పొంగి పొర్లుతుంది. దానివల్ల ప్రక్కనున్న కణాలలోకి కాల్షియం మితిమీరి చొరబడుతుంది. మైటోకాండ్రియా కొలుములు చెడి, రవ్వలు ఎగజిమ్ముతాయి. కారిన రక్తంలోని ఇనుము వాటికి ఆజ్యం పోస్తుంది. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడు కలిస్తే ఎంత తీవ్రమైన ఆక్సీకరణం జరుగుతుందో 1894లోనే హెన్రీ ఫెంటన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు చూపాడు. ఆ పైన, గాయాన్ని శుభ్రం చేయడానికి వచ్చే తెల్ల రక్తకణాలు కూడా తమ వంతు రవ్వలను విడుస్తాయి. నాడులచుట్టూ విద్యుత్తు తీగకు తొడుగులా ఉండే పొరలో క్రొవ్వు అధికం. క్రొవ్వు సులభంగా ఆక్సీకరణం చెందుతుందని నూనె విషయంలో చూశాం కదా! అందుకే ఈ నిప్పు వెన్నుపాములో త్వరగా ప్రాకుతుంది. మొదటి దెబ్బలో బ్రతికిన కణాలు కూడా రెండవ దెబ్బలో చనిపోతాయి. చర్మం తెగితే అతుక్కుంటుంది. వెన్నుపాములో చనిపోయిన నాడీకణం మాత్రం మళ్ళీ పుట్టదు.

అయితే యాంటీఆక్సిడెంటు మందు ఇచ్చి ఈ నిప్పును ఆర్పకూడదా? ఈ ప్రశ్న మీకు వచ్చి ఉంటుంది. వైద్యులకు కూడా వచ్చింది. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే మందును పెద్ద మోతాదులో ఇస్తే కణాల పొరలోని క్రొవ్వు ఆక్సీకరణం తగ్గుతుందని జంతువులలో కనబడింది. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరీక్ష ఫలితాల ప్రకారం, దెబ్బ తగిలిన 8 గంటలలోపు ఆ మందు ఇస్తే కొద్దిపాటి మేలు కలిగింది. తరువాత చాలా దేశాలలో ఆ మందు వాడారు. కాలం గడిచినకొద్దీ, ఆ మేలు అనుమానాస్పదమని, అంటురోగాలు, కడుపులో రక్తస్రావం వంటి కీడు మాత్రం నిజమని చాలామంది వైద్యులు అభిప్రాయపడ్డారు. 2013లో అమెరికా నాడీ శస్త్రవైద్యుల సంఘాలు ఆ మందు వాడవద్దని సూచించాయి. 2017లో మరొక వైద్య బృందం, 8 గంటలలోపయితే ఇచ్చే విషయం ఆలోచించవచ్చునని చెప్పింది. పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. నేటివరకు చచ్చుబడిన కాళ్ళను నడిపించగలదని ఋజువైన యాంటీఆక్సిడెంటు మందు ఏదీ లేదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. "ఈ పొడి తాగిస్తే నెలలో లేచి నడుస్తాడు" అని ఎవరైనా వేలకు వేలు అడిగితే, ఆ మాట నమ్మి ఊళ్ళోని పొలం అమ్ముకోకూడదు.

మరి విటమిన్ మాత్రలు ఎక్కువగా మింగితే నష్టమేమిటి? దానికి కూడా ఒక నిదర్శనం ఉంది. ఫిన్లాండు దేశంలో 29,000 మందికి పైగా పొగత్రాగేవారిపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్టులో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా, మింగనివారికంటే ఎక్కువయింది. రవ్వలన్నీ చెడ్డవి కావు. క్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలకు కూడా అవి ఆయుధాలే. అందుచేత త్రాసును సరిచేయబోయి రెండవవైపుకు ఒరగనీయకూడదు. విటమిన్ ఇ మాత్రలు అధికమైతే రక్తస్రావం జరిగే ప్రమాదం కూడా ఉంది. ఏ మాత్ర అయినా వైద్యుని సలహాపైనే వాడాలి.

ఇంతవరకు చదివి నిరాశ పడకండి. చేయదగినవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది ప్రమాదం జరిగిన క్షణంలోనే ఉంది. ఎత్తునుండి పడిన మనిషిని ఇద్దరు చంకలు పట్టి, ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తడం, కూర్చోబెట్టి నీళ్ళు పట్టడం మనవాళ్ళ అలవాటు. అది పెద్ద పొరపాటు. విరిగిన ఎముక కదిలి, మిగిలిన నాడులను కూడా కోయవచ్చు. నిప్పు వంటి అపాయం లేనిచోట అతనిని పడినచోటనే ఉంచాలి. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా చూడాలి. ఊపిరి ఆడుతున్నదో లేదో గమనించాలి. బహ్రెయిన్‌లో 999కి, మన ఊళ్ళలో 108కి వెంటనే ఫోను చేయాలి. ఆసుపత్రిలో రక్తపోటు పడిపోకుండా, ప్రాణవాయువు తగ్గకుండా చూస్తారు. అవసరమైతే 24 గంటలలోపు శస్త్రచికిత్స చేసి నాడులమీది ఒత్తిడి తీస్తారు. రెండవ దెబ్బను తగ్గించడానికి నేడు మన చేతిలో ఉన్న సాధనాలలో ఇవే ముఖ్యమైనవి.

ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆక్సీకరణ ఒత్తిడి వదలిపోదు. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో అది ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎందుకు? ఒకటి, కదలిక తగ్గి కండరాలు క్షీణించి క్రొవ్వు పెరుగుతుంది. రెండు, పడక పుండ్లు, మూత్రాశయంలో చీము మాటిమాటికీ వస్తాయి. పుండు ఉన్నచోటికి తెల్ల రక్తకణాలు చేరి రవ్వలు విడుస్తాయని చెప్పుకున్నాం. అంటే ప్రతి పుండూ ఒక రగులుతున్న కుంపటే. కనుక పుండు పడకుండా చూడడం అన్ని మాత్రలకన్నా మేలైన యాంటీఆక్సిడెంటు వైద్యం. పడుకున్నవారిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారు మధ్యమధ్య చేతులమీద బరువు మోపి కాస్త పైకి లేస్తూ ఉండాలి. పిరుదులు, మడమలు ఎర్రబడ్డాయేమో ప్రతిరోజూ చూడాలి. మూత్రపు గొట్టం వాడేవారు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. వైద్యులు చెప్పిన కొలత ప్రకారం నీరు త్రాగాలి.

వ్యాయామం మరొక మంచి మందు. కాళ్ళు కదలకపోయినా చేతులు కదులుతాయి కదా! చేతులతో త్రిప్పే సైకిలు వంటి యంత్రంపై వారానికి 3 సార్లు, 12 వారాలపాటు సాధన చేసినవారిలో ఆక్సీకరణ నష్టం తగ్గిందని 2013లో వెలువడిన ఒక చిన్న పరిశోధన తెలిపింది. క్రమంగా శ్రమించే శరీరం తన కాపలా ఎంజైములను తానే పెంచుకుంటుంది. అవి ఏ అంగడిలోనూ కొనవలసిన పని లేదు.

ఆహారం మాట చెప్పుకుందాం. ఉసిరి, జామ, నిమ్మ విటమిన్ సికి పెట్టింది పేరు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఆ విటమిన్ ఉంటుంది. ఎక్కువగా ఉడికిస్తే అది నశిస్తుంది కనుక జామను పచ్చిగానే తినాలి, నిమ్మరసాన్ని దించిన కూరలో పిండుకోవాలి. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలలో విటమిన్ ఇ ఉంటుంది. గోంగూర, మునగాకు, తోటకూర, కరివేపాకు మంచివే. బహ్రెయిన్ అంగడిలో దొరికే జర్జీర్ ఆకు, టమాటా, ఖర్జూరం, తాజా చేపలు కూడా మంచివే. ఖర్జూరంలో పీచు ఉంది, చక్కెర కూడా ఉంది. కనుక రెండుమూడు చాలు, మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగాలి. పుండు మానాలంటే పప్పు, గ్రుడ్డు, చేప వంటి మాంసకృత్తులు తప్పనిసరి. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. పొగ మాత్రం పూర్తిగా మానాలి. ఒక్కొక్క దమ్ములోను లెక్కలేనన్ని రవ్వలు లోపలికి పోతాయి.

బహ్రెయిన్ వేసవిలో మరొక జాగ్రత్త అవసరం. మెడ దగ్గర, వీపు పైభాగాన వెన్నుపాము దెబ్బతిన్నవారికి, దెబ్బకు క్రిందిభాగంలో చెమట సరిగా పట్టదు. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. మనకు ఉక్కగా ఉన్నప్పుడు వారికి ప్రాణాపాయమే కావచ్చు. నీడలో ఉంచడం, తడిగుడ్డతో తుడవడం, నీళ్ళు చిలకరించడం మరువరాదు. ఆరోగ్యవంతులకే ఆ ఎండ ఓర్వరానిది. అందుకే బహ్రెయిన్ ప్రభుత్వం 2007 నుండి జులై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నం 12 నుండి 4 గంటల వరకు ఆరుబయట ఎండలో పని నిషేధించింది. 2025లో ఆ గడువును జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పొడిగించింది. ఎండలో కళ్ళు తిరిగినవాడే పరంజామీదనుండి జారిపడే ప్రమాదం ఉంది కనుక, ఈ నియమం వెన్నెముకలను కూడా కాపాడుతుంది.

చివరగా ఒక మాట. వెన్నుపాము దెబ్బతింటే జీవితం ముగిసినట్లు కాదు. 1954లో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు రోడ్డు ప్రమాదంలో నడుముక్రింద చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసింది. అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చింది. 1966లో, మన చిత్తూరు జిల్లాకు ప్రక్కనే ఉన్న రాయవేలూరులో, తనవంటివారికోసం నెలకొల్పిన పునరావాస కేంద్రానికి ఆమే ప్రాణం పోసింది. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో గౌరవించింది. బహ్రెయిన్ క్రీడాకారిణి ఫాతిమా నెధామ్ 2016లో రియో నగరంలో జరిగిన పారాలింపిక్ క్రీడలలో, కూర్చుని ఇనుప గుండు విసిరే పోటీలో బంగారు పతకం గెలిచింది.

శాస్త్రం ఇంకా జవాబు చెప్పలేని ప్రశ్నలు ఉన్నాయి. చనిపోయిన నాడిని బ్రతికించే మందు రేపు మీలో ఒకరే కనుగొనవచ్చు. అంతవరకు మనం చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. పడినవారిని కుదపకుండా కాపాడాలి. మంచాన ఉన్నవారిని వేళకు ప్రక్కకు తిప్పాలి. తాజా ఆహారం పెట్టాలి. చేతులకు పని చెప్పాలి. అబద్ధపు మందుల వలలో పడనీయకూడదు. ఇంట్లో మామయ్యో, బాబాయో చక్రాల కుర్చీలో ఉంటే, జాలి చూపులు చాలించి, దగ్గర కూర్చుని వారితో మాట్లాడండి. మీరు తెచ్చి ఇచ్చే జామపండులో విటమినుతోపాటు మీ ఆదరణ కూడా ఉంటుంది.

ప్రశ్నలు

1. వెన్నెముకకు, వెన్నుపాముకు గల భేదమేమిటి?
2. వెన్నుపాముకు తగిలే "రెండవ దెబ్బ" ఎట్లా సాగుతుందో మీ మాటలలో వ్రాయండి.
3. ఓడ అడుగున బిగించే జింకు దిమ్మకు, విటమిన్ ఇకి గల పోలిక ఏమిటి?
4. ఎత్తునుండి పడిన మనిషిని చూచినప్పుడు మీరు ఏమి చేస్తారు? ఏమి చేయరు?
5. "ప్రతి పుండూ ఒక రగులుతున్న కుంపటే" - ఈ వాక్యాన్ని వివరించండి.